నీళ్ళ వంతు

రూవీలో మా షెల్టరుకు కిటికీ ఉండాది గానీ
అది ఎదుటి గోడకే తెరుచుకుంటాది.
శుక్రవారమొస్తే ఏలియామ్మ వ్యాను తెస్తాది,
దాని తలుపు రెండుసార్లు కొడితే గానీ పడదు.

ఆడోళ్ళం నలుగురం ఎక్కినాం.
ఆదమ్ బఖీత్‌ను హమ్రియా సందులో ఎక్కించుకున్నాం.
చౌకీ దాటేదాకా ఎవురూ నోరు మెదపలేదు.
ఎంబసీ ఇచ్చిన కాగితం నా గుప్పిట్లో
చెమటకు తడిసి పిండి ముద్దయింది.
ఆయనది ఇంకో రకం కాగితం,
మడతలు చినిగిన కాడల్లా టేపు.

రెండేళ్ళు ఆ ఇంట్లో నేను నడిచిందంతా
వంటగది నుంచి మిద్దె మీదికి,
మిద్దె మీది నుంచి వంటగదికి.
ముప్పై రెండు మెట్లు.
బట్టలారేసేటప్పుడు మాత్రం దూరంగా కొండలు,
మాడిన పెనం అడుగు మాదిరి.
ఇప్పుడు వ్యాను ఆ కొండల కిందనే ఆగింది.

"నడవండి," అనింది ఏలియామ్మ.
"ఎక్కడికి?" అని తిగిస్ట్.
"ఎక్కడికీ కాదు."

పనికి కాకుండా, పారిపోయేదానికి కాకుండా
కాళ్ళు ఎట్ల కదులుతాయో మరిచిపోయినాం.
మొదట అందరం బిరబిరా పోయినాం,
తిగిస్ట్ రెండుసార్లు వెనక్కి చూసింది.
ఆడ ఒక గాడిద తప్ప ఎవురూ లేరు.
అది కూడా మమ్మల్ని పట్టించుకోలేదు.
అప్పుడు నిదానమైనాం.

ఖర్జూరపు చెట్లు, వాటి నీడన ఎర్రగడ్డ మళ్ళు.
రాతి కాలవలో నీళ్ళు,
పిక్కలు కూడా మునగవు, కానీ ఆగవు.
"ఫలజ్," అన్నాడు ఆదమ్.
కొండ కడుపులోంచి వస్తాయంట, మోటారు లేకుండా.

మోటారు లేకుండానా!
మా నాయన తొమ్మిది బోర్లు వేసినాడు.
ఎనిమిదిట్లో దుమ్ము.
తొమ్మిదో దాంట్లో దుమ్ము, దాని కింద రాయి,
దాని కింద నేను, మస్కట్ విమానం.

ఒక మడి గట్టు తెగి నీళ్ళు దావలో పడి పోతాండాయి.
చెప్పులు యాడ విడిచినానో తెలీదు.
కాలితో మట్టి తోసి, గడ్డి కుక్కి, మళ్ళీ మట్టి.
ఎవురూ పురమాయించలేదు.
తలెత్తితే ముసలాయన, చేతిలో పార.
ఈ దేశంలో నన్ను అరిచేవాళ్ళు
అరిచే ముందు ఇట్లనే నిలబడతారు.

ఆయన మడమతో గట్టును తొక్కి చూసినాడు.
"మీ కాడ ఏం పండుతాది?"
అకామా యాడ అని కాదు. కఫీలెవరు అని కాదు.
"శెనక్కాయ," అన్నా. అరబ్బీలో మాట రాక
నేలలో వేళ్ళు పెట్టి చెట్టు పీకినట్టు, దులిపినట్టు చూపించినా.
"ఫూల్ సుదానీ!" అని ఆదమ్ పకపకా నవ్వినాడు.
ఆ కాయకు అరబ్బీలో వాళ్ళ దేశం పేరే అంట.
ఈయేడు మా ఊర్లో విత్తినోళ్ళు లేరు, అన్నాడు తర్వాత.

ముసలాయన పేరు మర్హూన్.
నేలలో నాటిన కట్టె నీడను చూపించినాడు.
నీడ ఈ రాయి దాటితే ఆయన వంతు అయిపోతాది,
ఆ పైన నీళ్ళు ఇంకొకామెవి,
ఆమె సలాలా పోయి పదేళ్ళంట.
"ఊరిడిచి పోయినా వంతు పోదా?" అడిగినాడు ఆదమ్.
"పోదు."
"పోయినా పోదా?"
"పోదయ్యా, రాసుంటాది."
మూడోసారి అడగబోయి ఊరకున్నాడు.

వచ్చే వారం నా ఔట్‌పాస్ రావచ్చంట.
నాకు పోయేదానికి ఊరుంది, తొమ్మిది బొక్కలతో.
సందు కాడ దిగినప్పుడు ఆదమ్ చేతిలో
మర్హూన్ ఇచ్చిన ఎర్రగడ్డల కట్ట, ఆకులతో సహా.
వచ్చే శుక్రవారం కలుద్దామని
ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

గేటు కాడ గార్డు తలలు లెక్కబెట్టినాడు.
నాలుగు. మళ్ళీ ఒకసారి. నాలుగే.
బాత్రూము ముందర వరసలో నేను మొదట ఉన్నా.
కాలిగోళ్ళలో మట్టి ఇంకా తడిగానే ఉండాది.
బక్కెటు నిండినాక
తిగిస్ట్ వైపు జరిపి, తెలుగులోనే అన్నా,
"నీ వంతు."