ఉప్పు చార

వెనక బ్రేకు సంగతి ముందుగా తెలిసేది
నడిపేవాడికి కాదు,
వెనక కూచున్నదానికి.

యారాడ కొండ దిగేటప్పుడు మూడో మలుపులో
ఎల్లాజీ కాలు నొక్కుతాడు.
నొక్కితే చేపల పెట్టె వచ్చి నా వీపుకి తగలాలి.
తగల్లేదు.
వంజరాలూ కానాగంతలూ ఐసులో
ఎక్కడివక్కడ పడుకునున్నాయి.
బండి మాత్రం దిగిపోతానే ఉంది.
కింద ఓడరేవు దీపాలు
ఒక్కోటీ మొహం మీదికి లేస్తన్నాయి.

ఆ పూట ముందు బ్రేకూ, కొండ గోడా కాపాడాయి.

రాజ్‌దూత్. మా పెళ్లికన్నా పాతది.
షిప్‌యార్డులో వెల్డింగు చేసే ఒకాయన దగ్గర
తొమ్మిది వేలకీ, వారం రోజుల రొయ్యలకీ కొన్నాం.

ఇంటికొచ్చి ఎల్లాజీ
రాడ్డు చివర నట్టు నాలుగు చుట్లు బిగించాడు.
"అయిపోనాదే" అన్నాడు.
రెండ్రోజులకి ఇంకో మూడు చుట్లు.
ఆ తరవాత బిగించడానికి మరే మిగల్లేదు.

మల్కాపురం జలీలు చక్రం విప్పి
షూలు మార్చాలన్నాడు.
పాతవి నున్నగా మెరుస్తున్నాయి,
బొట్టు సరిచేసుకోవచ్చు.
"మెరిస్తే పట్టవు చెల్లెమ్మా, గరుగ్గా ఉండాల"
కొత్తవాటిని గరుకు కాగితం మీద రుద్దుతూ అన్నాడు.
మనుషులక్కూడా ఆ కాగితం పనికొస్తుందా అని
అడుగుదామనుకున్నాను, పక్కనే ఎల్లాజీ ఉన్నాడు.
ఆరు వందలు.

పది రోజులు బాగానే పట్టింది.
పదకొండో రోజు పట్టి, ఇంక వదల్లేదు.
కాలు తీసినా చక్రం మూలుగుతానే ఉంది.
మలుపులో ఆపి దిగాం.
వేడెక్కిన డ్రమ్ము మీద నీటిచుక్క పడి
సుయ్యిమంది.

వైశాఖం. మబ్బు తునక లేదు.
ఎక్కడి చుక్క?

రెండోది పడేదాకా చూశాను.
పెట్టె మూలనుంచి.
ఐసు నీళ్లూ, చేప నెత్తురూ, సముద్రమూ కలిసి
సరిగ్గా ఆ చిన్న చెయ్యి మెడ మీద పడుతున్నాయి,
రాడ్డు లాగితే తిరిగేదీ,
తిరిగి లోపల షూలని విప్పేదీ, అది.
చుట్టూ తెల్లటి చార.

నా చీర అంచు ఎత్తి చూసుకున్నాను.
మడమ దగ్గర అదే చార,
ఎన్ని ఉతుకులకీ పోనిది.
రెండేళ్లుగా మేమిద్దరం
ఒకే నీటికి తడుస్తున్నాం.

"పెట్టె కారతందని అప్పుడే చెప్పేను కదా"
అనలేదు. నోటిదాకా వచ్చింది, మింగాను.

రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టాం.
పొద్దున ఎల్లాజీ సుత్తి ఎత్తితే
విరిగిన తెడ్డు ముక్క అందించాను, అడ్డం పెట్టి కొట్టమని.
ఏడో దెబ్బకి ఊడింది కడ్డీ,
ఎర్రగా, పొరలు పొరలుగా,
వానకి తడిసిన ఎండుచేపలా.
తుప్పు గీకాం. రంధ్రం తుడిచాం.
గ్రీజు కందిగింజంతే పెట్టనిచ్చాను,
పొంగి షూలకంటితే మళ్లీ మొదటికి.

జలీలు విని నవ్వాడు,
"నట్టు బిగించినప్పుడల్లా జబ్బుని దాచేవన్నమాట బావా."
ఎల్లాజీ ఆ మాట విననట్టు
పెట్టెకి ఇంకో పక్క కన్నం పొడిచి
పాత సైకిలు ట్యూబు తొడిగి
నీళ్లని రోడ్డు మీదికి పంపాడు.
ఒక ముక్క మిగిలింది.
దాన్ని చీల్చి, నా కాళ్ల వైపు
తడికలా కట్టాడు.
ఎందుకో చెప్పలేదు.

ఇవాళ మూడో మలుపు.
నొక్కాడు.
పెట్టె వచ్చి నా వీపుకి తగిలింది, చల్లగా.
నేనెళ్లి అతని వీపుకి తగిలాను.
బండి ఆగింది, చిన్న కూత కూసి.

"ఆ కూత కూడా తీయించీయాల" అన్నాడు.
ఉండనీ అన్నాను.
సింధియా సందులో పిల్లులకి
మనమొచ్చినట్టు ఎలా తెలుస్తాది?