తూకం గేటు

కోబార్ దాటాక ఎర్రమట్టిలో తొంభై కిలోమీటర్లు.
గ్లెనిస్ కొత్త పోతును ట్రెయిలర్‌లోంచి దించింది.
తెల్లటి ఒళ్ళు, ఇటుకరంగు తల,
గరిటెల్లా వేలాడే చెవులు.
దాని ఖరీదు నా కారు కన్నా ఎక్కువ.

ఆడమేకలు ముక్కులు ఎగరేసి చూశాయి.
ఇవి ఎవరూ పెంచినవి కావు.
ఎప్పుడో కంచె దూకి పోయి
కరువుకే పుట్టి, కరువునే మేసి బతికినవి.
ముల్గా చెట్టుకి ముందుకాళ్ళు ఆనించి
మనిషిలా నిలబడి ఆకు కోసుకుంటాయి.
పోతుకి ఆ విద్య రాదు.
గిట్టలు నొప్పెట్టి నీళ్ళతొట్టి దగ్గరే పడుకుంది.
అయినా దాని పని అది చేసింది.

ఐదు నెలలకి ఈతలు. ఇంకో నాలుగుకి తూకం.
నేనూ, పెన్సిలూ, కళ్ళనిండా ఈగలూ.
పందొమ్మిది. నాటుది.
పదిహేడున్నర. అదీ నాటే.
ఇరవై ఎనిమిది!
గ్లెనిస్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంది.
ఆవిడ పండగ అంతే.

ఇరవై ఆరు తూగితే వీపు మీద పసుపు చుక్క.
చుక్క పడితే గురువారం లారీ.
కండ పట్టడమంటే ఇదీ అని
వరసగా రాసుకుంటూ పోతే గానీ
నాకు తట్టలేదు.

తర్వాతిది,
ఒక చెవి వేలాడుతూ, ఒక చెవి నిక్కి.
ముల్లు ఇరవై ఆరు మీద ఊగుతోంది.
ఇరవై ఐదుముప్పావు అని రాశాను.
గ్లెనిస్ చూసింది. ఏమీ అనలేదు.
గేటు ఎడమకి తెరుచుకుంది.

అది తిన్నగా ముల్గా దగ్గరికి పోయి
ముందుకాళ్ళు ఎత్తింది.
పడింది.

మళ్ళీ తూకం నెలరోజులకి.