ఆరున్నొకటి

గుణుపురం నుంచి బరంపురం పోవాలంటే
ఒడిశాలోంచి ఒడిశాలోకే పోవాలి
మధ్యలో ఆంధ్రా దాటి.
నౌపడ దగ్గర ఉప్పుమళ్ళు, పలాసలో బండి మారడం,
ఇచ్ఛాపురం వెనకబడ్డాక
బోర్డుల మీది అక్షరాలు తలకట్టు తీసేసి
మళ్ళీ గొడుగులేసుకున్నాయి.

తవిటేసు తన బ్యాగు ఖాళీ చేసి ఇచ్చాడు నాకు.
చిన్న అరలో వాడి ఐటీఐ హాల్‌టికెట్ ఉండిపోయింది.
ఫోటో తీసి పంపితే
"ఉంచుకోవే, ఎలాగూ తప్పాను" అన్నాడు.

అమ్మ స్టేషనుకి రాలేదు. సంతరోజు.
ఆటో బియ్యం వరస పక్కనించి పోతున్నప్పుడు
కుంచం ఎత్తిన చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది,
పెదాలు మాత్రం ఆగలేదు,
లెక్క తప్పుతుందని.

ఇక్కడ నేను వనజని కాదు, బొనొజాని.
వకారం బకారమైంది,
అకారాలన్నీ నోరు గుండ్రంగా చుట్టుకున్నాయి.
మొదటి రెండ్రోజులూ హాస్టల్లో ఎవరో పిలుస్తుంటే
ఆ పిల్ల ఎందుకు పలకదా అనుకున్నాను.

గైడు సారు అప్పజెప్పిన మొదటి పని
వెయ్యి గింజలు లెక్కపెట్టి తూచడం.
కొండవరి, పదకొండు రకాలు, ఒక్కోటీ మూడుసార్లు.
అమ్మ ఇరవయ్యేళ్ళు కుంచాలతో పారబోసినదాన్ని
నేను పట్టకారుతో ఒక్కొక్కటే పక్కకి పెడుతున్నాను.
వెయ్యి గింజలు ఇరవైనాలుగు గ్రాములు.
గుప్పెడు కూడా కాదు.
దీనికి నెలనెలా డబ్బిస్తారని చెబితే
అమ్మ తవిటేసుని పిలిచి మళ్ళీ చెప్పించుకుంది.

పొద్దున్న మాత్రం నేను మేడమ్‌ని.
ప్లస్ త్రీ మొదటి సంవత్సరం, నలభై రెండు మంది.
ముందు వరసలో ఒకడికి నాకంటే ఎక్కువ వయసు.
చాక్‌పీసు ఏ చేత్తో పట్టుకోవాలో మర్చిపోయి
హాజరు పట్టీ తెరిచాను.
ఒకటో నంబరు మీద వేలు పెట్టాను,
నోట్లోంచి "లాభం" అని వచ్చేసింది.

ఎవరికీ అర్థం కాలేదు.
కిటికీ పక్కన ఒక్కతి నవ్వింది.
ముప్ఫై ఎనిమిది, సుకాంతి సబర.
క్లాసయ్యాక వరండాలో
సంత తెలుగులో అడిగింది:
"మీది గుణుపురమేటి మేడం?"
నాకు ఒంట్లోకి ఊరొచ్చింది.

"మా కొండమీదికొచ్చే షావుకారి కూడా
చింతపండు కొలిస్తే లాభం అనే మొదలెట్టీవోడు.
ఆడి కుంచం అడుగున లక్క పోసుండీది.
మా అయ్య కర్రపుల్లతో గీకి చూపించాడు."
కోపంగా కాదు, వాన పడిందని చెప్పినట్టు చెప్పి
పుస్తకాలు గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది.

మా కుంచం అంచు తెలుసు నాకు.
ఇత్తడి కట్టు, సొట్ట, అరిగిన పూసలాంటి మొల.
అడుగు ఎప్పుడూ తడమలేదు.
అది ఎప్పుడూ బియ్యంతోనే ఉండేది
లేదా బోర్లించి.

మర్నాడు ఏక్ అన్నాను. దుయి అన్నాను.
సాత్ దగ్గర నాలుక ఒక్కసారి తడబడింది.
ఆ మాటలో ఏడుపు లేదు, అయినా.
ముప్ఫై ఎనిమిది "హాజిర్" అంది
తలెత్తకుండా.

రాత్రి అమ్మ ఫోను.
"ఒలే, ఏటి తిన్నావు? అక్కడ వానుందా?
ఇక్కడ పొద్దున్నించీ ముసురే.
తవిటేసు కొట్లో కూచున్నాడు, బానే తూస్తన్నాడు."
అడుగుదామనుకున్నాను.
మన కుంచం ఒకసారి బోర్లించి చూడమ్మా అని.
హాస్టల్ మెట్ల మీద ఎవరిదో బకెట్టు దొర్లుతోంది,
అది ఆగేదాకా ఆగాను.

ఈలోపు అమ్మే అడిగింది,
నువ్వెళ్ళి ఎన్నాళ్ళయిందే అని.
నేను చెప్పేలోపు తనే వేళ్ళు ముడిచినట్టుంది,
గాజుల చప్పుడు.
"ఆరు..." అని ఆగింది.
"ఆరున్నొకటి" అంది.