పాదరసం

పొద్దున్నే ట్రిఫిట్ వచ్చాడు ల్యాబుకి,
ఐసు పెట్టెలో ఒకే ఒక్క ఫ్లాట్‌హెడ్ చేపతో.
"కోడలికి ఐదో నెల" అన్నాడు.
అంతే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

కిటికీలోంచి డెర్వెంట్ నది, తేటగా.
ఆవలి మలుపులో జింకు ఫ్యాక్టరీ పొగగొట్టాలు.
ఈ నీళ్ళు గ్లాసులో పట్టి పరీక్షిస్తే
మీటరు ముల్లు నిద్ర కూడా లేవదు.

చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది.
దాన్ని సానబట్టి మైక్రోస్కోపు కింద పెడితే వలయాలు:
పద్నాలుగు శీతాకాలాలు.
పద్నాలుగేళ్ళూ ఇది తిన్నదల్లా
ముందు ఇంకేదో తిని వచ్చినదే.
మా తాత చెప్పే ప్రామిసరీ నోటు గుర్తొచ్చింది,
అసలు ఎంతో తక్కువ, తీర్చేవాడు లేడు,
ఏటేటా తిరగరాయడమే.
బురద రాసిచ్చింది పురుగుకి, పురుగు పీతకి.
నోటి నుంచి నోటికి
వడ్డీతో సహా.

"చాప కింద నీరులా" అంటాం మనం.
ఇక్కడ నీటి కింద చేప.
దాని కింద, ఎవరో ఎప్పుడో మర్చిపోయినది.

ముల్లయితే ఏరి పెట్టొచ్చు పిల్లల కంచంలో.
ఇది కండలోనే ఉంటుంది, కండలాగే.
ఎంత చింతపండు పులుసులో ఉడికినా
బెసగదు.

మధ్యాహ్నానికి అంకె వచ్చింది.
పరిమితికి దాదాపు రెండింతలు.

చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు
"పాదరసంరా ఈ పిల్ల" అనేవారు నన్ను.
ఆ రోజంతా నేల మీద నడవలేదు నేను.
పుట్టబోయే బిడ్డ బుర్రని
ఇదే పాదరసం ఏం చేస్తుందో
ట్రిఫిట్‌కి ఇంగ్లీషులో చెబుతుంటే
మాస్టారి మాట గొంతులో అడ్డం పడింది.

"పోనీ, పిల్లికి పెట్టనా?"
"పిల్లికీ వద్దు."

కాసేపు నది వైపు చూశాడు.
"అరవై ఏళ్ళుగా తింటున్నాను.
నన్ను కూడా కొలుస్తావా?"
వెంట్రుక ఒకటి కావాలన్నాను.
టోపీ తీశాడు. నున్నటి గుండు.
ఇద్దరం నవ్వాం, ఆ రోజుకి అదొక్కటే నవ్వు.
గడ్డంలోంచి మూడు తెల్లవి పీకి ఇచ్చాడు.

శాంపిలు కవరు మీద తేదీ రాశాను.
దొరికిన చోటు: డెర్వెంట్, హోబర్ట్.
"జాతి" అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.