చేబదులు

మా ఇంట్లో టీవీ లేదు.
ఈ సంగతి పోర్తో నగరంలో
నాకూ మా కరెంటు బిల్లుకీ తప్ప
ఎవరికీ తెలియదు.

నా పని చేతులు పట్టుకోవడం.
గోళ్ళు కత్తిరించి, అరగదీసి, రంగేసి పంపడం.
నలభై నిమిషాలు ఒక పరాయి మనిషి చెయ్యి
జ్వరమొచ్చిన బిడ్డ చెయ్యిలా పట్టుకు కూర్చుని
ఏం మాట్లాడతావు?
వాన గురించి మూడు నిమిషాలు,
ఇక్కడి వానకి అంతకంటే విలువ లేదు, రోజూ వస్తుంది.
కొండెక్కే ట్రాము మళ్ళీ ఆగిందని రెండు.
మిగతా ముప్పై అయిదూ
నాలుక మీద బండరాయి.

అందుకే సీరియల్.
రాత్రి తొమ్మిదిన్నరకి ఊరు ఊరంతా చూసేది.
పొద్దున్నే మొదటి బేరం ఎర్మెలిందా గారు,
రొట్టెల కొట్టావిడ, గోళ్ళ సందుల్లో ఇంకా పిండి.
"చూశావా నిన్న?" అంటుంది.
"చూడకుండానా!" అంటాను.
అంతే. ఆ తర్వాత నేను చెయ్యాల్సిందల్లా
సరైన చోట ఆకురాయి ఆపడం.
పడవల కంపెనీ ముసలాయన కళ్ళు తెరిచాడనీ
వీలునామా కొట్టేసింది నర్సేననీ
ఆవిడే చెబుతుంది, ఆవిడే తిడుతుంది,
నీతో మాట్లాడితే ఎంత హాయో అని
ఆవిడే అంటుంది.

పదింటికి బల్బీనాకి అదే కథ
నా సొంత సొమ్ములా తీసి ఇస్తాను,
నర్సుకి ఇంకో రెండు తిట్లు వడ్డీ కలిపి.
ఎక్కడ తెచ్చానో ఎవరూ అడగరు.
చేబదులుకి కాగితం ఉండదు కదా.

పదకొండేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చాను.

మొన్న గురువారం ఎర్మెలిందా రాలేదు.
కొట్లో పొయ్యి చెడిపోయిందట.
మొదటి బేరం నీదియా, బ్యాంకు పిల్ల.
"నిన్న నిద్రపోయాను గ్రసియేత్, ఏమైందో చెప్పవూ"
అని రెండు చేతులూ నాకిచ్చేసి
కళ్ళు మూసుకుంది.

గల్లాపెట్టె ఖాళీ.
గోరువెచ్చని నీళ్ళలో ఆమె వేళ్ళు నానుతున్నాయి.
ఏదో ఒకటి అనాలి.
అన్నాను.

"ఆ చిన్న కూతురు లియోనోర్ లేదూ,
ప్రతి ఆదివారం బ్రాగాలో వాళ్ళక్కకి ఫోన్ చేస్తుంది.
అక్క హలో అనేదాకా ఉంటుంది.
ఆ హలో వింటుంది.
పెట్టేస్తుంది."

"ఎందుకు?" కళ్ళు తెరవకుండానే అడిగింది.
"అమ్మ కుట్టుమిషను దగ్గర
పన్నెండేళ్ళ కిందట మాటా మాటా వచ్చిందిలే."
"ఇప్పుడది ఎవరి దగ్గరుంది?"
"లియోనోర్ దగ్గరే.
ఆమెకి కుట్టడం రాదు."

ఆ వేళ ఎర్రరంగు సీసా మూత బిగుసుకుపోయింది.
తిప్పి తిప్పి నా బొటనవేలే ఎర్రబడింది.

గోరంత మాట.
చేపల అంగడి చుట్టి,
కాఫీ గ్లాసుల మీదుగా దూకి,
బ్యాంకు వరసలో కాసేపు నిలబడి,
సాయంత్రం ఆరింటికి కొండంతై
జుల్మీరా గారి నోట నా బల్ల దగ్గరికే వచ్చింది.

"చూశావుటే ఆ లియోనోర్ని? ఏడ్చేశాననుకో.
ఫోను తీగ వేలికి చుట్టుకుంటుంది పాపం."
తీగ ఆవిడ వేసిన వడ్డీ. నేను చెప్పలేదు.
నా ఫోనుకి తీగ లేదు.

అప్పుడు నా చేతిలో ఉన్న చెయ్యి,
డెబ్భై తొమ్మిదేళ్ళది, ఉంగరం వదులైనది,
తిరగబడి నా చేతినే పట్టుకుంది.
"పిచ్చిది. అక్కకి తెలీదనుకుంటోంది.
వారం వారం అదే వేళకి మోగి,
అవతల అదే ఊపిరి వినబడుతుంటే,
తోబుట్టువు కాకపోతే ఎవరే?
తెలిసే ఎత్తుతోంది ఆ అక్క.
హలో అనడానికే ఎత్తుతోంది."

ఆకురాయి కింద పడింది.
వంగి వెతికాను,
కనబడ్డాక కూడా కాసేపు.

"తర్వాతేమవుతుందంటావ్?"
"ఇంకా చూపించలేదండీ" అన్నాను
బల్ల కింద నుంచే.

లేచి, రెండో పూత వేసి,
అందరికీ చెప్పేదే చెప్పాను.
తడి ఆరలేదు, పది నిమిషాలు దేన్నీ ముట్టుకోకండి.

ఆదివారానికి
ఇంకా మూడు రోజులుంది.