మూడు మ్యాచ్‌ల మచ్చు

పొద్దున ఆరున్నరకి,
కాటా ముల్లు ఇంకా సున్నా మీదికి రాకముందే
ఏసుపాదం మొదలుపెట్టాడు:
"డెబ్బై ఒకటి. నలభై ఎనిమిది నాటౌట్. తొంభై నాలుగు.
ఇంకేం కావాలయ్యా మీకు?"
చేతిలో కొక్కెం టిక్కీకి గుచ్చి వదిలేశాడు,
వాదనకి రెండు చేతులూ కావాలి మరి.

వాడు చెప్పేది సైదావలి గురించి.
ఆనందపేట సందులో
మా అందరి కిటికీ అద్దాలకీ బాకీ ఉన్న సైదావలి
ఈ ఏడే లీగులోకి ఎక్కాడు.
మూడు మ్యాచ్‌లు, పద్నాలుగు సిక్సర్లు.
ఒకటి గోడ దాటి మామిడికాయల బండిలో పడిందని ఒకడు,
బండిలో కాదు, బండి కింద అని ఇంకొకడు.
బండివాడు బంతి తిరిగివ్వలేదన్నది మాత్రం
ఇద్దరూ ఒప్పుకున్నారు.

గుమాస్తా పేరయ్యగారు
కళ్లజోడు నుదుటి మీదికి తోసి అన్నారు:
"మచ్చు చూసి లాటు కొనే రకానివి నువ్వు.
టిక్కీలో పైన పరిచేది ఎప్పుడూ ఎర్రకాయే.
మోచేతి దాకా చెయ్యి దించు,
అడుగున తాలెంతుందో అప్పుడు చెప్పు."

"అన్నానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా?"

"అన్నం ఒకే ఎసట్లో ఉడుకుద్దిరా.
వీడికి రోజుకో బౌలరు ఎసరు పెడతాడు."

ఘాటు గాలిలో గ్లాసులు తిప్పుకుంటూ
టీ నాంచారమ్మ వచ్చింది.
నాలుగేళ్లు వాడికి అప్పు మీద బన్ను పెట్టిన మనిషి,
పరుగుల జోలికి పోలేదు.
"ఎడమ కాలు చూడండయ్యా.
పోయినేడు బంతి రాకముందే పక్కకి జరిగేది.
ఇప్పుడు నిలబడుతోంది."
ఒక గ్లాసు టీ అయిందాకా ఎవరూ మాట్లాడలేదు.

నేను అసలే మాట్లాడలేదు.
ఎనభై తొమ్మిదిలో, జిల్లా పోటీల్లో,
నేనూ మొదలు బాగా పెట్టినవాణ్ణే:
నూట పది, అరవై మూడు,
ఆ తర్వాత కామెర్లు.
పేపరు ముక్క ఇప్పటికీ ఉంది,
అందులో నా ఇంటిపేరు తప్పు.

బొల్లాపల్లి నుంచి రాత్రంతా ట్రాక్టరు మీద వచ్చిన రైతు
తన ముప్పై ఆరు టిక్కీలకి ఆనుకుని వింటున్నాడు.
క్రికెట్ తెలియదు. అడిగాడు:
"ఆ కుర్రోడి పంట ఎన్నాళ్లు?"
"మే ఆఖరు దాకా."
"ఇంకా మార్చే కదయ్యా!"
తుండు విప్పి, దులిపి, మళ్లీ కట్టుకున్నాడు.
"మొదటి కోత నాకూ బానే వచ్చింది.
ఏటా బానే వస్తది.
తర్వాతే కదా, నల్లో, తామర పురుగో, అకాల వానో.
అతనికి పట్టే పురుగేంటి?"

"వాడికి పురుగేం పట్టదు!
ఆ భుజం ఎత్తు బంతి ఒక్కటి తప్ప..."
అని నాలిక కరుచుకున్నాడు ఏసుపాదం.
పేరయ్యగారు కళ్లజోడు కిందికి దించి
చీటీలు రాయడం మొదలుపెట్టారు.
ఆ రోజు ఏసుపాదం ఎత్తిన ప్రతి టిక్కీ
కొంచెం విసురుగానే కాటా మీద పడింది.
ముల్లు ఆగేదాకా
నేను రెండుసార్లు ఎదురుచూడాల్సి వచ్చింది.

రాత్రి ఏడున్నర.
రేపటి లాటుకి నిలబెట్టిన ఫోను,
దాని ముందు మేం అయిదుగురం, ఆ రైతుతో కలిపి.
రేటు నచ్చక సరుకు ఆపుకున్నాడు,
రేపు చూద్దామన్నాడు.
సైదావలి గార్డు తీసుకున్నాడు.
చేతి తొడుగు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు.
బౌలరు చాలా దూరం నుంచి బయల్దేరాడు.

అప్పుడు తుమ్మారు పేరయ్యగారు.

మిర్చి యార్డులో తుమ్ముకి శకునం లేదు.
ఉంటే ముప్పై ఏళ్లుగా
ఇక్కడ ఒక్క పనీ మొదలయ్యేది కాదు.
అయినా
బంతి చేతిలోంచి వదిలిన ఆ క్షణాన
మేమెవరం ఫోను చూడలేదు,
నలుగురం తలతిప్పి
ఆయన ముక్కువైపే చూస్తున్నాం.