దాలమ్మత్త అంగిలి

బడిలో వరసన నిలబెట్టి
నాలుక మీద పెట్టేవారు నులిపురుగుల బిళ్ల.
సుద్దముక్క రుచి.

అదే మందు ఇప్పుడు
ఎచ్చెర్ల ల్యాబులో, గాజుపలక మీద
పలచగా పోసి ఆరబెడుతున్నాను.
తెల్లారి ఒలిస్తే
పలాస జీడిపప్పు మీది పొరలా లేచింది.
ఒక మూల చిరిగింది. మళ్లీ పోయాలి.

దాలమ్మత్త
నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట కాల్చేది,
వలల దగ్గర గాలికి ఆరిపోకుండా.
అంగిట్లో తెల్లమచ్చ, ఆనక పుండు.
ఈ పొర అక్కడ అంటుకుని
మెల్లగా కరగాలి.

"రాచపుండుకి పురుగుల బిళ్లేటే?
రాజుగోరికి గంజెట్టినట్టు!"
నవ్వబోయి దవడ పట్టుకుంది.

ఇంకా ఎలకల దగ్గరే ఉన్నామత్తా
అని చెప్పాను.
విన్నదో లేదో,
బడిపిల్లలా నోరు తెరిచి
కూర్చుంది.